1972 షెవెల్‌కు సూపర్‌చార్జర్: రోడ్డు మీద నడిపేవాళ్లు ఏమంటారు?

ప్లేనో_షెవెల్
అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. నా దగ్గర షెవ్రొలే వాళ్ల 1972 షెవెల్ మాలిబు కారు ఉంది. 350 ఘనపు అంగుళాల ఇంజను, టూ బ్యారెల్ కార్బ్యురేటర్, మూడు గేర్ల ఆటోమేటిక్. కాగితం మీద 165 హార్స్‌పవర్. రూపం చూసి సిగ్నల్ దగ్గర పక్కవాళ్లు పందానికి రమ్మంటారు. పచ్చ దీపం వెలిగాక మాత్రం పిల్లలను బడికి దింపే మినీవ్యాన్లు కూడా దాటిపోతాయి.

ఇంజను కారుతో పుట్టినదే, దాని నంబరు కారు నంబరుతో కలుస్తుంది. అందుకే దాన్ని మార్చను, విప్పను. ఎనిమిది సిలిండర్లలోనూ కంప్రెషన్ సమానంగా ఉంది, నూనె తాగదు. శనివారం కార్ల కూడికలకు, ఇంటివాళ్లతో భోజనానికి వెళ్లడానికి తప్ప ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఉద్దేశం లేదు. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు, అదే సూపర్‌చార్జర్ పెట్టాలనుంది. ఇంజను నెత్తిన కూర్చునే రూట్స్ రకం మేలా, ముందు పక్కన బిగించే సెంట్రిఫ్యూగల్ మేలా? దానితో పాటు ఏవేవి మార్చాల్సి వస్తాయి?

కొలతలమనిషి
మీ ఇంజనును నీరసపు ఇంజనని చాలామంది తీసిపారేసి ఉంటారు. సూపర్‌చార్జర్‌కు కావలసింది సరిగ్గా ఆ నీరసమే. సీసం తక్కువగా ఉండే పెట్రోలు రాబోతోందని షెవ్రొలే యజమాని జనరల్ మోటార్స్ 1971 నుంచి కంప్రెషన్ నిష్పత్తిని, అంటే సిలిండర్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో దాన్ని, తగ్గించింది. మీ 350లో అది 8.5.

లెక్క చూడండి. వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). 6 పీఎస్ఐ బూస్టు, అంటే అదనపు ఒత్తిడి, ఇస్తే గాలి సుమారు 40 శాతం పెరుగుతుంది. 8.5ను 1.4తో గుణిస్తే దాదాపు 12. మంచి పెట్రోలు, సరైన టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ఉంటే దీనితో బతకవచ్చు. అదే 6 పీఎస్ఐ 1970 నాటి 10.25 కంప్రెషన్ 396 ఇంజనుకు ఇస్తే 14 దాటిపోతుంది. పంపు పెట్రోలుతో అది నాకింగ్ చేసి (మిశ్రమం వేళ తప్పి పేలి) పిస్టన్ల అంచులు విరగ్గొట్టుకుంటుంది. ఈ గుణకారం పూర్తి సత్యం కాదు, వాల్వులు తెరిచే క్యామ్ కూడా లెక్కలోకి వస్తుంది. కానీ కిట్ కొనే ముందు చేయాల్సిన మొదటి లెక్క ఇదే.

మీ 165 అన్ని భాగాలూ తగిలించి కొలిచిన నికర అంకె. 1972కు ముందు ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకెలు ఉత్త ఇంజనును బల్ల మీద పెట్టి కొలిచినవి. వాటితో పోల్చుకుని దిగులు పడకండి. 165కు 40 శాతం కలిపితే 231. బ్లోయర్‌ను (సూపర్‌చార్జర్‌కే ఇంకో పేరు) తిప్పడానికి బెల్టు లాక్కునేది, వేడి వల్ల పోయేది తీసేయండి. 215 నుంచి 220 వస్తే సంతోషించండి.

ఎండల_ఫీనిక్స్
నాది 1969 షెవ్రొలే కమారో, 350 ఇంజను, వైయాండ్ కంపెనీ 177 రూట్స్ బ్లోయర్. రూట్స్ వైపే నా ఓటు. బానెట్ చించుకుని పైకి వచ్చే ఆ పెద్ద 6-71 అసలు రేసు కోసం పుట్టలేదు. డెట్రాయిట్ డీజిల్ టూ స్ట్రోక్ ఇంజన్లకు గాలి అందించడానికి తయారైంది. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు, అదే పేరు. పాత కార్లకు బలం పెంచే హాట్‌రాడ్ కుర్రాళ్లు పాత సామాను దుకాణాల నుంచి తెచ్చి వీ8 మీద కూర్చోబెట్టారు. మీకు అంత అవసరం లేదు. మన 350 లాంటి స్మాల్ బ్లాక్ షెవీ ఇంజన్ల కోసం 142, 177 అని చిన్నవి ఉన్నాయి.

దీని సుఖం ఏమిటంటే పెడల్ మీద కాలు పెట్టగానే బలం అందుతుంది. మూడు గేర్ల ఆటోమేటిక్‌తో ఇంజను రోజంతా తిరిగేది నిమిషానికి 1500, 2500 చుట్ల మధ్యే కదా. 5000 దాటాక వచ్చే బలం సిగ్నళ్ల మధ్య ఎవరికి కావాలి?

వేడి సంగతి దాచను. బ్లోయర్ ఇంజను నెత్తిన కూర్చుంటుంది, మధ్యలో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉండదు. జూలైలో ఇక్కడ 45 డిగ్రీలు. ట్రాఫిక్‌లో పావుగంట ఆగితే వేడి చూపే ముల్లు ఎక్కుతూ కనిపిస్తుంది. పెద్ద అల్యూమినియం రేడియేటర్, ఫ్యాను చుట్టూ పూర్తి కప్పు పెట్టాకే నాకు నిద్ర పట్టింది. మొత్తం టైమింగ్ 30 డిగ్రీలు దాటనివ్వను. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి, ఖాళీ 0.030 అంగుళాలు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. రూట్స్ మీద పెట్టే కార్బ్యురేటర్‌లో అదనపు పెట్రోలు ఇచ్చే పవర్ వాల్వ్‌కు వాక్యూమ్ బ్లోయర్ కింద, మ్యానిఫోల్డ్ నుంచి తీసుకోవాలి. కార్బ్యురేటర్ అడుగున చూస్తే బ్లోయర్ పీలుస్తున్నందువల్ల ఇంకా వాక్యూమ్ ఉన్నట్టే ఉంటుంది. కింద మాత్రం బూస్టు మొదలై ఉంటుంది. వాల్వ్ తెరుచుకోదు, పెట్రోలు చాలదు, పిస్టన్ కరుగుతుంది. బ్లోయర్ కోసమే సరిచేసిన కార్బ్యురేటర్ కొనండి, మామూలుది ఎక్కించకండి.

మిచిగన్_289
ఫీనిక్స్ గారితో సగమే ఏకీభవిస్తాను. నాది 1966 మస్టాంగ్, పాక్స్‌టన్ సెంట్రిఫ్యూగల్. 1966 షెల్బీ జీటీ350కు పాక్స్‌టన్‌ను కంపెనీయే ఆప్షన్‌గా ఇచ్చింది. అంతకు ముందే 1957 ఫోర్డ్ థండర్‌బర్డ్‌లోనూ, 1963 స్టూడ్‌బేకర్ అవాంటీలోనూ సూపర్‌చార్జర్ ఉంది. కాబట్టి పాత బండికి ఇది పరాయి వస్తువేమీ కాదు.

ఇది ముందు పక్కన ఆల్టర్నేటర్‌లా ఇమిడిపోతుంది. బానెట్ కోయక్కర్లేదు. మామూలుగా నడిపేటప్పుడు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. బూస్టు వేగంతో పాటే పెరుగుతుంది కాబట్టి కింది గేరులో టైర్లను గిర్రున తిప్పేయదు, పాత గేరుబాక్సు మీద, వెనక యాక్సిల్ మీద జాలి చూపిస్తుంది.

కష్టమంతా కార్బ్యురేటర్ దగ్గరే. గాలి దానిలోంచి బలంగా ఊదుకుంటూ వెళ్లాలి. పాత ఇత్తడి ఫ్లోట్లు ఆ ఒత్తిడికి నలిగిపోతాయి, గట్టి ఫ్లోట్లు వేసుకోవాలి. పెట్రోలు పీడనం బూస్టుతో సమానంగా పైకి వెళ్లాలి. మామూలుగా 6 పీఎస్ఐ ఉంటే, 6 బూస్టు వచ్చినప్పుడు 12 కావాలి. లేకపోతే కార్బ్యురేటర్ గిన్నెలోని గాలే పెట్రోలును వెనక్కి నెట్టేస్తుంది. బూస్టును గమనించే రెగ్యులేటర్, తగిన పంపు తప్పనిసరి. కొన్ని మోడళ్లు ఇంజను నూనెనే వాడుకుంటాయి, వాటికి నూనె తొట్టికి రంధ్రం పెట్టాలి. నూనె లోపలే ఉండే మోడళ్లూ ఉన్నాయి. బెల్టు ఒక గీత పక్కకు ఉన్నా జారుతుంది, కీచుమంటుంది. స్కేలు పట్టుకుని కూర్చోండి.

బెజవాడ_ఆటోనగర్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇక్కడ బంకుల్లో చాలాకాలం మామూలు పెట్రోలు ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే అంకె) 91, ఖరీదైనది 95 అనేవారు. మీరు అక్కడ 91, 93తో ఇంత చేస్తున్నారంటే అంకె ఒకటేనా?

కొలతలమనిషి
ఒకటి కాదండీ. మన దేశంలో రాసేది రీసెర్చ్ ఆక్టేన్. అమెరికాలో పంపు మీద రాసేది రీసెర్చ్, మోటార్ అనే రెండు పరీక్షల ఆక్టేన్ల సగటు. టెక్సస్‌లో దొరికే 93 మన లెక్కలో 97, 98 అవుతుంది. కాలిఫోర్నియాలో చాలా బంకుల్లో 91తో ఆగిపోతారు. అక్కడివాళ్లు బూస్టు ఒకటి రెండు పీఎస్ఐ తగ్గించుకోవడం మంచిది.

శాన్‌హోసే_78
కాలిఫోర్నియా మాట వచ్చింది కాబట్టి. 1975, అంతకు ముందు మోడల్ కార్లకు ఇక్కడ పొగ పరీక్ష లేదు. 1976 నుంచి ఉంది. నా బండి 1978ది. సూపర్‌చార్జర్‌కు రాష్ట్ర గాలి మండలి ఇచ్చే అనుమతి నంబరు లేకపోతే పరీక్షలో చూడగానే తిప్పి పంపుతారు. అందుకే నేను ఈ చర్చ చదివి ఆనందించడమే.

సహజశ్వాస
ఎవరూ అడగని మాట నేను అడుగుతాను. అసలు బ్లోయర్ ఎందుకు? ఫోర్ బ్యారెల్ కార్బ్యురేటర్, అల్యూమినియం హెడ్లు, కొంచెం పెద్ద క్యామ్, మంచి సైలెన్సర్ గొట్టాలు. 300 దగ్గరికి వస్తారు, బెల్టులు లేవు, బూస్టు భయం లేదు. వెనక యాక్సిల్‌లో 2.73 నిష్పత్తి గేరు ఉంటే దాన్ని 3.42 చేయండి, ఆ ఒక్క మార్పుతోనే వేరే బండి ఎక్కినట్టుంటుంది.

ప్లేనో_షెవెల్
అన్నీ విలువైన మాటలే, అందరికీ ధన్యవాదాలు. సహజశ్వాస గారూ, హెడ్లు తీయడం మొదలుపెడితే నేను ఆగను, అందుకే ఆ గుమ్మం తొక్కడం లేదు. గేరు మాట మాత్రం తీసుకుంటున్నాను, నాది 2.73యే. ఇంకో సంగతి, నా బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే.

ఎండల_ఫీనిక్స్
అయితే సూపర్‌చార్జర్ పెట్టెను మూడు నెలలు గ్యారేజీలోనే మూసి ఉంచండి. మొదట డిస్క్ బ్రేకులు. డ్రమ్ములు మొదటిసారి బాగానే ఆపుతాయి. వెంటవెంటనే మూడోసారి తొక్కితే కాలు నేలకు దిగుతుంది కానీ బండి వేగం దిగదు.

మిచిగన్_289
ఈ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. డిస్కులు, రేడియేటర్, తర్వాత ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. బూస్టు ఒక్కో పీఎస్ఐ పెరిగినప్పుడు టైమింగ్‌ను ఒక్కో డిగ్రీ వెనక్కి లాగే పెట్టెలు దొరుకుతాయి. మామూలు నడకలో మైలేజీ పోదు, బరువు పడ్డప్పుడు ఇంజను బతుకుతుంది. బీమా కంపెనీకి కూడా ముందే చెప్పండి. విలువను ముందుగా ఒప్పుకుని రాసే పాలసీ తీసుకుంటే తర్వాత వాదన ఉండదు.

కొలతలమనిషి
వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ లేకుండా బూస్టు తొక్కకండి. అది చూపేది ఒక పాలు పెట్రోలుకు గాలి ఎన్ని పాళ్లో. మామూలుగా అది 14.7 దగ్గర ఉంటుంది. పూర్తి బూస్టులో 11.5 నుంచి 12 మధ్య కనిపించాలి. 13 కనిపిస్తే కాలు తీసేయండి. పాత ఇంజన్ల గొడవ మధ్య నాకింగ్ చెవికి వినిపించేసరికి ఆలస్యమవుతుంది. సైలెన్సర్ గొట్టానికి సెన్సర్ బిగించే చోటు వెల్డింగ్ చేయించడం చిన్న పనే. కిట్ కంటే ముందు అదే చేయించి, ఇప్పుడున్న టూ బ్యారెల్ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి.

ప్లేనో_షెవెల్
వరుస ఖాయం చేశాను. డిస్కులు, రేడియేటర్, ఇగ్నిషన్, వైడ్‌బ్యాండ్, 3.42 గేరు. ఆపైన చిన్న రూట్స్, 142. నా నడకంతా తక్కువ వేగంలోనే కాబట్టి మొగ్గు అటే. బూస్టు 5 దాటనివ్వను. ఒక్క అనుమానం మిగిలింది. మామూలు బానెట్ కింద అది పడుతుందో లేదో కొనకముందే ఎలా తెలుస్తుంది?

ఎండల_ఫీనిక్స్
కిట్ ఎత్తు కొలత అమ్మేవాళ్లనే అడగండి. ఇన్‌టేక్ తీసిన చోటు నుంచి ఎయిర్ క్లీనర్ నెత్తి వరకు ఎంతో చెబుతారు. అంత ఎత్తు అట్టముక్కలు పేర్చి, పైన పిల్లలు ఆడుకునే మెత్తని మట్టి ముద్దలు పెట్టి, బానెట్ మెల్లగా మూసి తెరవండి. నలిగాక మిగిలిన మందమే మీ ఖాళీ. అర అంగుళం కంటే తక్కువైతే వేరే బానెట్ చూసుకోవాలి, ఎందుకంటే గట్టిగా తొక్కినప్పుడు ఇంజను ఎడమవైపు పైకి లేస్తుంది.

మట్టి కొనడానికి వెళ్లే ముందు ఇంజనును పట్టి ఉంచే ఆ ఎడమవైపు మౌంటు రబ్బరు చూడండి. 1971 చివర్లో విరిగిన మౌంట్ల వల్లే 67 లక్షల షెవ్రొలేలను మరమ్మతుకు వెనక్కి పిలిచారు. ఇంజను లేచి యాక్సిలరేటర్‌ను తనే లాగేసేది. నా 1969 ఆ జాబితాలో ఉంది, మీ 1972 లేదు. అయినా రబ్బరు వయసు రబ్బరుదే. లోహాలు ఒకదానితో ఒకటి లాక్ అయ్యే రకం మౌంట్లు రెండు వైపులా వేయించండి.