పాత స్టీల్ రిమ్‌లకు తుప్పు తీసి ఇంట్లోనే పెయింట్ వేయొచ్చా?

వైజాగ్_800:
మా నాన్నగారి మారుతి 800, 12 అంగుళాల స్టీల్ రిమ్‌లు. ఇల్లు బీచ్‌కి దగ్గర, ఉప్పుగాలికి నాలుగూ తుప్పు పట్టేశాయి, నట్ల చుట్టూ పెయింట్ పొక్కులు లేచి గోరుతో గీకితే పెచ్చులుగా ఊడొస్తోంది. వెనక ఎడమ టైర్లో గాలి కూడా తరచూ దిగిపోతోంది, పంక్చర్ మాత్రం లేదంటున్నారు. బండి అమ్మే ఉద్దేశం లేదు, రిమ్‌లు ఇంట్లోనే బాగుచేసి సిల్వర్ వేద్దామనుకుంటున్నా. టైర్లు విప్పించాలా? ఏ ప్రైమర్ (కలర్ కింద వేసే అడుగు పూత) వాడాలి?

గ్రీజు_చేతులు:
విప్పించండి, తప్పదు. ట్యూబ్‌లెస్ అయితే టైరు అంచు రిమ్ మీద కూర్చునే చోట తుప్పు లేచి ఉంటుంది, గాలి అక్కడినుంచే పోతుండొచ్చు. సబ్బు నీళ్లు పోసి చూడండి, అంచు వెంట బుడగలొస్తే అదే.

సర్ఫ్‌తో మట్టి, గ్రీజు కడిగేసి, గ్రైండర్‌కి వైర్ బ్రష్ పెట్టి మెరిసే ఇనుము కనబడేదాకా తీయండి. కళ్లద్దాలు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు, ఆ బ్రష్ తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. గ్రైండర్ దూరని మూలల్లో 80 నంబర్ ఎమిరీ కాగితంతో చేత్తోనే రుద్దాలి, తర్వాత 180, 320. గుంటల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే ద్రవం) రాయండి, బాత్రూం యాసిడ్ అస్సలు వద్దు, దాని పొగ ఊపిరితిత్తులకి చెడు, పైగా కడిగిన ఇనుము వెంటనే మళ్లీ తుప్పెక్కుతుంది.

తీరప్రాంతం:
ప్రైమర్ సంగతి నేను చెప్తా. రెడాక్సైడ్ (ఇనుముకి వేసే ఎర్ర ప్రైమర్) పనిచేస్తుంది కానీ మన సముద్రపు గాలికి ఎపాక్సీ ప్రైమర్ మేలు, హార్డెనర్ కలిపేది. ఎనామెల్ రెడాక్సైడ్ పూర్తిగా ఆరకముందే దాని మీద ఘాటు థిన్నర్ ఉన్న స్ప్రే కొడితే పెయింట్ ముడతలు పడి లేచిపోతుంది, చాలామంది పని అక్కడే చెడుతుంది. రుద్దడం అయ్యాక రిమ్‌ని థిన్నర్‌తో తుడవండి, తుడిచిన రోజే ప్రైమర్ పడాలి, ముసురు రోజు మొదలుపెట్టొద్దు. కలర్ పల్చగా మూడు కోట్లు, మధ్యలో 10-15 నిమిషాలు ఆగండి, ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది.

పాత_మెకానిక్:
బాబూ, ముందు ఆ రిమ్ పెయింట్‌కి పనికొస్తుందో లేదో చూసుకో. స్టడ్ (చక్రాన్ని పట్టే బోల్టు) రంధ్రాలు కోలగా సాగినా, మధ్య ప్లేటుకీ రిమ్‌కీ ఉన్న వెల్డింగ్ దగ్గర పగులు కనబడినా పాత ఇనుముకి వేసేయ్, లప్పం పెట్టి కప్పొద్దు. నట్టు కూర్చునే చోట, రిమ్ వెనక వైపు హబ్‌కి (చక్రం బిగించే బండి భాగానికి) ఆనే ముఖం మీద టేపు అంటించి పెయింట్ పడకుండా చూడు. అక్కడ పొర మందంగా ఉంటే బండి తిరిగేకొద్దీ నలిగి నట్లు వదులవుతాయి. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు బిగించు, 50-100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి స్పానర్ వెయ్యి.

వైజాగ్_800:
సబ్బు నీళ్లు పోశానండి, బుడగలు అంచు దగ్గరే వచ్చాయి. రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయి, పగుళ్లు లేవు. టైరు ఎప్పుడు ఎక్కించొచ్చు?

గ్రీజు_చేతులు:
వారం ఆరనివ్వండి, తొందరపడితే టైరు ఎక్కించే మెషీన్ పట్టే చోట పెయింట్ ఊడొస్తుంది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి వాల్వులు కొత్తవి వేయించి, బ్యాలెన్సింగ్ కూడా చేయించేయండి.