నమాజులో నిలబడగానే ఆఫీసు గుర్తొస్తోంది, మీకెవరికైనా ఇలా ఉందా?

సూర్యాపేట కుర్రాడు:

అస్సలాము అలైకుం. నాది సూర్యాపేట, ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను, ఉద్యోగం గచ్చిబౌలిలో. మా ఇంట్లో ఉర్దూ కంటే తెలుగే ఎక్కువ. ఖురాన్ చూసి చదవడం వచ్చు, సూరాలు (అధ్యాయాలు) కంఠతా వచ్చు, అర్థం మాత్రం అడగొద్దు. ఐదు పూటలూ దాదాపు వదలను, అల్‌హమ్దులిల్లాహ్, సమస్య అది కాదు. అల్లాహు అక్బర్ అని చేతులు కట్టుకునే వరకే నేను అక్కడ ఉంటాను, ఆ తర్వాత నోరు దాని పని అది చేసుకుపోతుంది, నేనేమో సాయంత్రం రిలీజ్ గురించో ఓనర్ పెంచిన అద్దె గురించో లెక్కలు వేస్తుంటాను. ఆఫీసులో జొహర్ (మధ్యాహ్నం నమాజు) నాలుగో అంతస్తు మెట్ల మలుపు దగ్గర, అట్టపెట్టె విప్పి పరిచి దాని మీద జానమాజ్ (నమాజు చాప) వేసి చదువుతాను. పక్కనే లిఫ్ట్ మోటార్ గుర్రుమంటుంది, జేబులో ఫోన్ వణుకుతుంది. నిన్న అసర్‌లో (సాయంత్రం నమాజు) సలాం చెప్పి ముగించేశాక మూడు రకాతులు (నిలబడటం, వంగడం, సాష్టాంగం కలిసిన ఒక్కో చుట్టు) చదివానా నాలుగా అన్నది ఎంత ఆలోచించినా తేలలేదు. మళ్లీ చదివాను, రెండోసారి కూడా అంతే! ఇలాంటి నమాజు అసలు లెక్కకు వస్తుందా? ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి, "మనసు పెట్టి చదువు" అని మాత్రం అనకండి, అది మా అమ్మీ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది.

టోలీచౌకి అన్న:

వఅలైకుం సలాం తమ్ముడూ. అర్థం తెలియదని నువ్వే రాశావు, జబ్బు అక్కడే ఉంది. అర్థం తెలియని మాట నోట్లో తిరుగుతుంటే బుర్ర ఖాళీగా ఎందుకు కూర్చుంటుంది, దొరికిన పని చేసుకుంటుంది. రోజుకు ఫర్జ్ (తప్పనిసరి) రకాతులే 17, అంటే ఫాతిహా (ఖురాన్ మొదటి సూరా) తక్కువలో తక్కువ 17 సార్లు నీ నోటి మీదుగా పోతోంది, ఉన్నవి ఏడే ఆయతులు (వాక్యాలు). ముందు ఆ ఏడింటికి తెలుగులో అర్థం నేర్చుకో, రెండు రోజుల పని.

నాకు పనికొచ్చింది సహీహ్ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త మాటలు, పనుల) గ్రంథంలో ప్రవక్త సహచరుడు అబూ హురైరా గారి నుంచి వచ్చిన ఒక హదీసు. నమాజును నాకూ నా దాసుడికీ సగం సగం పంచాను అంటాడు అల్లాహ్. దాసుడు "అల్‌హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్" అంటే "నా దాసుడు నన్ను స్తుతించాడు" అని జవాబిస్తాడు. అలా ఆయతు ఆయతుకూ జవాబుంది, "ఇహ్‌దినా" (మాకు దారి చూపు) దగ్గరికి వచ్చేసరికి "ఇది నా దాసుడిది, అతను అడిగింది అతనికి ఉంది" అంటాడు. ఇది తెలిసినప్పటి నుంచి ఒక్కో ఆయతు తర్వాత ఊపిరి తీసుకునేంత సేపు ఆగుతున్నాను. ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యలో దూరిపోం కదా, అలా. ముందు నాది కూడా ఒక్క గుక్కలో ఫాతిహా మొత్తం అయిపోయేది, మెట్రో తలుపులు మూసుకుంటున్నట్టు.

రుకూ, సజ్దా కూడా చూడు. వంగినప్పుడు "నా ప్రభువు మహాఘనుడు" అంటాం, నుదురు నేలకు ఆనించి మనం అన్నిటికంటే కిందికి దిగినప్పుడు మాత్రం "నా ప్రభువు సర్వోన్నతుడు" అంటాం. ఆ మాట అక్కడే ఎందుకుందో తెలిశాక సజ్దా నుంచి లేవబుద్ధి కాదు.

ఫోన్ బల్ల మీద వదిలేసి వెళ్లు. కావాలంటే కళ్లు మూసుకో, నాకు బాగా పనిచేసింది.

వంటింటి ఆపా:

మీ మగవాళ్లకు మెట్ల మలుపైనా దొరికింది. నా సంగతి వినండి, ఇషాకు (రాత్రి నమాజు) నిలబడితే కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుంటాను, రకాతులు మాత్రం లెక్కలో ఉండవు. పప్పుకు మూడు విజిల్స్ అయ్యాయంటే నేను రెండో రకాతులో ఉన్నట్టు అని ఒక అంచనా (నవ్వకండి). ఏడాదిన్నర పాప ఉంది, జానమాజ్ మీద అడ్డంగా పడుకుంటుంది. దానివల్ల నమాజు పాడవుతోందని చాన్నాళ్లు బాధపడ్డాను. తర్వాత మా అత్తమ్మ చెప్పింది, ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం (స) తన మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చదివించారు, సజ్దాకు వెళ్తూ దించేవారు, లేస్తూ మళ్లీ ఎత్తుకునేవారు అని. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉందట. అది విన్న రోజు ఏడుపొచ్చింది.

మీకు చెప్పేది ఒక్కటే, ఆకలితో చదవకండి. భోజనం ముందుకొచ్చి ఉన్నప్పుడు, ఒంటికో రెంటికో ఆపుకుంటూ ఉన్నప్పుడు నమాజు లేదని హదీసు ఉంది. టిఫిన్ డబ్బా తెరిచి ఘుమఘుమలు వస్తుంటే లేచెళ్లి నిలబడితే మనసు డబ్బాలో ఉండక ఇంకెక్కడుంటుంది? టైం ఉంటే తినేసి వెళ్లండి. నేను కూడా కుక్కర్ కట్టేసి నిలబడటం మొదలుపెట్టాలి.

ఇంకోటి, మీ జానమాజ్ మీద కాబా, మీనార్ల బొమ్మలున్నాయా? నాది చార్మినార్ దగ్గర కొన్నది, దాని అంచు మీద ఎన్ని పూలున్నాయో నాకు కంఠతా వచ్చు. సాదాది కుట్టించుకున్నాను.

పాతబస్తీ చాచా:

బేటీ జానమాజ్ గురించి భలే చెప్పింది. ప్రవక్త (స) గారే గీతల దుప్పటి కప్పుకొని నమాజు చదివి, ఆ గీతలు తన ధ్యాస లాగాయని అది అబూ జహమ్ అనే సహాబీకి (ప్రవక్త సహచరుడికి) పంపించేసి ఆయన దగ్గరున్న సాదాది తెప్పించుకున్నారు. ప్రవక్తకే అలా అయితే మనమెంత?

టోలీచౌకి భాయ్, మిగతాదంతా ఒప్పుకుంటాను, కళ్లు మూసుకోమన్నది మాత్రం వద్దు. చాలామంది ఉలమాలు (ధర్మ పండితులు) దాన్ని మక్రూహ్ (చేయకపోవడమే మేలు) అన్నారు. చూపు సజ్దా చేసే చోట ఉంచితే చాలు.

సూర్యాపేట బేటా, నువ్వు నమాజు తిరిగి చదివానన్నావు చూడు, నాకు భయం వేసింది అక్కడే. ఈ రోజు రెండుసార్లు, రేపు మూడుసార్లు, ఆ తర్వాత వుజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) సరిగా అయిందా లేదా అని గంట సేపు కుళాయి దగ్గర. మా గల్లీలో ఒకాయన అలాగే అయిపోయాడు పాపం. నమాజులో ఉండగా లెక్క తప్పితే ఖాయంగా గుర్తున్న తక్కువ లెక్క పట్టుకొని పూర్తి చేసి, చివర సజ్దా సహవ్ (మరుపుకు చేసే రెండు అదనపు సజ్దాలు) చేయాలి. ఎప్పుడెలా చేయాలో మీ మసీదు ఇమాం సాబ్‌ను అడుగు, ఐదు నిమిషాల్లో చేసి చూపిస్తారు. మరుపు వస్తుందని తెలిసే కదా ఆ రెండు సజ్దాలు పెట్టింది! ఆలోచనలు వస్తున్నాయని ఒక సహాబీ కూడా ప్రవక్త (స) దగ్గరికెళ్లి మొరపెట్టుకున్నాడు. అది షైతాను పని, అల్లాహ్ శరణు కోరుకో అన్నారే గానీ నీ నమాజు చెల్లదు పో అనలేదు.

నేను రిటైరయ్యాక చార్మినార్ పక్కనున్న మక్కా మసీదులో జొహర్‌కు వెళ్తుంటాను. బయట పావురాలు, గింజలమ్మేవాళ్ల కేకలు, ఫొటోలు తీసుకునేవాళ్లు. ఇరవై నిమిషాలు ముందే వెళ్లి హౌజ్ (నీళ్ల తొట్టి) దగ్గర మెల్లగా వుజూ చేసి ఊరికే కూర్చుంటాను. నమాజులో రాని నిలకడ ఆ ఇరవై నిమిషాల్లో వస్తుంది, దాన్నే పట్టుకెళ్లి సఫ్‌లో (నమాజు వరుసలో) నిలబడతాను. పరుగెత్తుకొచ్చి నిలబడితే మనసు ఇంకా రోడ్డు మీదే ఉంటుంది. ఆ మసీదును గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కుతుబ్ షా మొదలుపెడితే ఔరంగజేబు కాలంలో 1694కు గానీ పూర్తి కాలేదు, నీకేమో వారంలో ఖుషూ (నమాజులో మనసు నిలకడ) కావాలి!

సూర్యాపేట కుర్రాడు:

అందరికీ జజాకల్లాహ్. పది రోజులైంది, ఉన్నదున్నట్టు చెప్తాను. ఫోన్ బల్ల మీదే వదులుతున్నాను, భోజనం ముందే కానిస్తున్నాను. ఫాతిహా అర్థం రాసుకొని పర్సులో పెట్టుకున్నాను, బస్సులో చూసుకుంటాను. ఫజర్‌లో (తెల్లవారుజాము నమాజు) తేడా బాగా తెలుస్తోంది. జొహర్ ఇంకా అంతే, రెండు రకాతులు నేనుంటాను, మిగతా రెండు లిఫ్ట్ మోటార్‌తో పోతున్నాయి. మొన్న మాత్రం "ఇయ్యాక నఅబుదు" దగ్గర ఆగితే, నిన్నే ఆరాధిస్తున్నాం అని నోటితో అంటూ లోపల మేనేజర్‌కు ఏం జవాబు చెప్పాలా అని వెతుకుతున్నానని తట్టింది. సిగ్గేసింది, ఆ రకాతు మొత్తం ఎక్కడికీ పోలేదు. మళ్లీ మాత్రం చదవడం లేదు చాచా, ఇమాం సాబ్‌ను అడిగి సజ్దా సహవ్ నేర్చుకున్నాను, ఈ పది రోజుల్లో రెండుసార్లు అవసరం పడింది.

వంటింటి ఆపా:

మాషా అల్లాహ్. నేను కుక్కర్ కట్టేసే నిలబడుతున్నాను. ఇప్పుడు పాప సజ్దాలో వీపెక్కి దిగట్లేదు.