డార్క్‌విజన్‌ని దివ్యదృష్టి అనొచ్చా?

ప్రశ్న: అన్నా, జయపురంలో మేం డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు వేసుకుని పాచికలతో కథ నడిపే ఆట తెలుగులోనే ఆడుతున్నాం. అందులో చీకట్లో చూడగలిగే శక్తి డార్క్‌విజన్‌ని దివ్యదృష్టి అంటే బాగుంటుందా?

జవాబు: వినడానికి బాగుంటుంది గానీ వద్దు తమ్ముడూ. దివ్యదృష్టి అంటే వ్యాసుడు సంజయుడికి ఇచ్చిన చూపు. రాత్రి, చాటు, దూరం ఏదీ దానికి అడ్డు కాదు, ఎదుటివాడి మనసులో మాట కూడా తెలిసిపోతుంది. ఆటలో మీ ఎల్ఫ్ జాతి పాత్రకి ఉన్నది అంత పెద్దదేం కాదు. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్ ప్రకారం 60 అడుగుల లోపు మసక వెలుతురు మంచి వెలుతురులా, చీకటి మసక వెలుతురులా కనిపిస్తుంది. ఆ చీకట్లో రంగులు తెలియవు, అంతా బూడిద ఛాయలే.

అసలు చిక్కు వాతావరణంతో వస్తుంది. దట్టమైన పొగమంచు చూపును పూర్తిగా మూసేస్తుంది, ఎల్ఫ్‌కైనా మనిషికైనా. శీతాకాలం తెల్లవారుజామున సుంకి ఘాట్ కొండదారి ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు: హై బీమ్ వేసినకొద్దీ ఎదురుగా తెల్లటి గోడే. కొరత వెలుతురుది కాదు. దివ్యదృష్టి అని పేరు పెట్టావా, ఆటగాడు మంచులోంచి కూడా చూస్తానని పట్టుబడతాడు, అలా అనడం న్యాయమే కూడా. ‘చీకటిచూపు’ అను. ఏది దాటగలదో పేరే చెప్పేస్తుంది.

ఆటలోనే ఉన్న మరో శక్తి బ్లైండ్‌సైట్ సంగతి వేరు. దానికి కంటితో పనిలేదు కాబట్టి మంచు అడ్డం రాదు.

ప్రశ్న: మరి ‘మంచు పడుతోంది’ అంటే సరిపోతుందా?

జవాబు: ఇక్కడే జాగ్రత్త. మన మాటలో మంచు అంటే పొగమంచూ అవుతుంది, హిమమూ అవుతుంది. సత్యవతి పడవ చుట్టూ పరాశరుడు కల్పించిన మంచు మొదటిది. ఆటలో రెండింటికీ రూల్ వేరు. జోరుగా హిమం కురిస్తే చూపు కొంతే తగ్గుతుంది: కంటితో పసిగట్టాల్సిన చోట ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. జడివానకూ అంతే, పైగా వినికిడికీ అదే దెబ్బ, కాగడాలు ఆరిపోతాయి. రాత్రివేళ అలా అయితే చీకటిచూపు ఉన్నవాడు ఆ రెండు పాచికలతోనైనా నెట్టుకొస్తాడు, పక్కనున్న మనిషికి ఏమీ కనపడదు. అందుకని కథ చెప్పేటప్పుడు ఒట్టి ‘మంచు’ అనకుండా పొగమంచో, హిమమో తేల్చి చెప్పు.