పెద్ద అక్వేరియం కారుతోంది: బాగుచేయించాలా, కొత్తది తీసుకోవాలా?

ప్రశ్న:
మా అక్వేరియం పొడవు 180, వెడల్పు 60, ఎత్తు 60 సెంటీమీటర్లు. 12 మిల్లీమీటర్ల మామూలు గాజుతో కట్టినది, వయసు పదేళ్లు దాటింది. వెనుకవైపు కింది మూలలో మొదట చెమ్మ కనిపించింది, ఇప్పుడు చుక్కలుగా కారుతోంది. లోపలి సిలికాన్ కొన్నిచోట్ల అంచు లేచి, గోరుతో లాగితే ఊడివస్తోంది. గాజు మాత్రం ఎక్కడా పగల్లేదు. ఆ మూల వరకు కొత్త సిలికాన్ పూస్తే చాలని ఒకరు, ఇంత పెద్ద ట్యాంకును ఇక నమ్మకూడదని మరొకరు చెబుతున్నారు. దేన్ని చూసి నిర్ణయించుకోవాలో తెలిసినవారు వివరించగలరు. ప్రస్తుతానికి నీటిని సగానికి తగ్గించాను, చేపలు అందులోనే ఉన్నాయి.

సమాధానం 1:
నీటిని తగ్గించడం మంచి పని. ఒత్తిడి లోతును బట్టి పెరుగుతుంది కాబట్టి, మట్టం సగానికి దిగితే ముందు అద్దంపై పడే మొత్తం బలం నాలుగో వంతుకు తగ్గుతుంది. నిండుగా ఉన్నప్పుడు మీ ముందు అద్దాన్ని నీరు దాదాపు 320 కిలోల బరువుకు సమానమైన బలంతో బయటికి నెడుతుంది.

ట్యాంకులో సిలికాన్ రెండు పనులు చేస్తుందని గమనించాలి. రెండు గాజు పలకల అంచుల మధ్య ఉన్న పొర ట్యాంకును పట్టి నిలబెడుతుంది. లోపలి మూలల్లో కనిపించే పట్టీ ఆ పొరకు కాపలా మాత్రమే. మీరు చెప్పినట్లు ఊడుతున్నది పట్టీ. అదొక్కటే చెడితే మరమ్మతు చేసుకోవచ్చు. ట్యాంకును ఖాళీ చేసి, ఆరనిచ్చి, బయటి నుంచి టార్చి వేసి ప్రతి అతుకునూ గాజు గుండా చూడండి. పలకల మధ్య పొర ఒకే రంగులో నిండుగా కనిపిస్తే అది గాజును పట్టుకునే ఉందని అనుకోవచ్చు. తెల్లటి లేదా వెండి రంగు మరకలు కనిపించి, అవి అతుకు వెడల్పులో సగం దాకా పాకి ఉంటే పట్టు వదులుతున్నట్లే.

మూల వరకే పూయడం మాత్రం నేను ఒప్పుకోను. గట్టిపడిన పాత సిలికాన్‌కు కొత్తది సరిగా అంటుకోదు, అందువల్ల పాతది ముగిసి కొత్తది మొదలయ్యే చోటే మళ్లీ నీటికి దారి దొరుకుతుంది. పైగా నీరు ఒకచోట లోపలికి దూరి, పట్టీ వెనుక నడిచి, వేరొకచోట బయటపడుతుంది. మీకు కనిపిస్తున్న మూల అసలు లోపం కాకపోవచ్చు. లోపలి పట్టీ మొత్తాన్నీ బ్లేడుతో తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒకే విడతలో కొత్తది వేయాలి. బూజు పట్టకుండా మందు కలిపిన స్నానాల గది సిలికాన్ చేపలకు ప్రమాదం. గాలిలోని తేమతో బయటి నుంచి లోపలికి గట్టిపడే పదార్థం కాబట్టి, పైకి ఆరినట్లు కనిపించినా వారం రోజులు ఆగి, తర్వాత నీటిని విడతలుగా నింపి పరీక్షించండి.

సమాధానం 2:
సిలికాన్ సంగతికి ముందు స్టాండు చూడమంటాను. నీరు, గాజు, గులకరాళ్లు కలిపితే దానిపై సుమారు 800 కిలోలు కూర్చుంటాయి. ఒక మూల కాస్త దిగితే ఆ మెలి అంతా అతుకులపైనే పడుతుంది; అదే స్టాండుపై కొత్త ట్యాంకు పెట్టినా అదే మూల కారుతుంది. రసమట్టంతో నాలుగు వైపులా, రెండు కర్ణాల వెంబడి కూడా చూడండి. పైభాగాన అడ్డంగా ఉండే గాజు పట్టీ ఊడిందేమో కూడా చూడాలి. ఆ పట్టీ లేకపోతే ముందు అద్దం మధ్యలో ఉబ్బి అతుకులను లాగుతుంది.

సమాధానం 3:
ఇదంతా గాజు ట్యాంకులకే వర్తిస్తుంది. అక్రిలిక్‌కు, అంటే గాజులా కనిపించే పారదర్శక ప్లాస్టిక్‌కు, సిలికాన్ గట్టిగా పట్టదు. దాని అతుకులను ద్రావకంతో కరిగించి కలుపుతారు, అది అనుభవజ్ఞుల పని. బెర్లిన్‌లో ఆక్వాడోమ్ అనే పది లక్షల లీటర్ల అక్రిలిక్ అక్వేరియం 2022 డిసెంబరు 16న పగిలింది. అంతకుముందు మరమ్మతు కోసం దాన్ని ఖాళీ చేశారు. పరిశీలించిన నిపుణులు ఒకే కారణాన్ని తేల్చలేకపోయారు గానీ, ఖాళీగా ఉన్నప్పుడు అక్రిలిక్ ఎండిపోవడాన్ని కూడా అనుమానాల్లో చేర్చారు.

ప్రశ్న అడిగినవారు:
చూశాను. వెనుక, కింది పలకల మధ్య అతుకులో జానెడు పొడవున తెల్లటి మరక సగం వెడల్పు దాకా ఉంది, ఎడమ నిలువు అతుకులోనూ చిన్న మరకలున్నాయి. స్టాండు ఎడమవైపు దిగింది. అడ్డపట్టీ బాగానే ఉంది.

సమాధానం 1:
అయితే నా సలహా కొత్తదే. పలకలన్నీ విడదీసి మళ్లీ కట్టవచ్చు, గాజు వృథా కాదన్నదీ నిజమే. కానీ మీ ముందు పలక ఒక్కటే 32 కిలోలకు పైగా ఉంటుంది, విప్పేటప్పుడు అంచు కాస్త పెచ్చులేచినా అది మళ్లీ భారం మోయడానికి పనికిరాదు. ఇలాంటి పనికి చోటు, తోడు చేతులు, ఓపిక ఉన్నవారే పూనుకోవాలి. పాత పలకలను కోయించి చిన్న ట్యాంకులకు వాడుకోండి. స్టాండు సరిచేశాకే కొత్తది దింపించుకోండి.

సమాధానం 2:
ఈలోగా చేపలను ఆహారపదార్థాలకు వాడే పెద్ద ప్లాస్టిక్ తొట్టిలోకి మార్చి, పాత ఫిల్టర్‌ను దానికే బిగించి ఆపకుండా నడపండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా ఎక్కువగా ఫిల్టర్‌లోని స్పాంజిలోనే ఉంటుంది. నీటి ప్రవాహం ఆగితే ఆక్సిజన్ అందక కొన్ని గంటల్లోనే దెబ్బతింటుంది. మేత సగానికి తగ్గించండి. స్పాంజిని కడగాల్సి వస్తే కుళాయి నీటితో కాకుండా, ట్యాంకులోంచి తీసిన నీటితోనే కడగండి.