మన మెష్‌కి సొంత డీఎన్ఎస్ సర్వర్ కావాలా, హోస్ట్స్ ఫైల్ చాలదా?

పెరంబూర్_డైపోల్:
చెన్నైలో మన హామ్ (అమెచ్యూర్ రేడియో) మెష్‌కి, అంటే రేడియోలతో ఒకదానికొకటి కలిపిన మన నెట్‌వర్క్‌కి, సొంత డీఎన్ఎస్ సర్వర్ (పేరు అడిగితే ఐపీ అడ్రసు చెప్పేది) పెట్టాల్సిందేనని తాంబరం_యాగి పట్టుబడుతున్నాడు. నాకైతే అవసరం కనిపించడం లేదు. ఉన్నవి పట్టుమని పది నోడ్లు, ఒక హోస్ట్స్ ఫైల్ (పేర్లు, వాటి ఐపీల జాబితా) రాసి అందరికీ పంపితే సరి. సర్వర్ అంటే ఎస్‌డీ కార్డు పాడవుతుంది, అప్‌డేట్లు చూసుకోవాలి, అది పడుకుంటే అర్ధరాత్రి ఫోన్లు మొదలు. రేడియోల్లో హామ్ మెష్ కోసమే చేసిన ఏఆర్ఈడీఎన్ ఫర్మ్‌వేర్‌కి మారితే పేర్లు వాటంతటవే నోడ్ల మధ్య తిరుగుతాయి కూడా.

తాంబరం_యాగి:
అన్నా, ఏఆర్ఈడీఎన్ మంచిదే, కానీ మన రేడియోల్లో సగం దానికి పనికిరావు. హోస్ట్స్ ఫైలేమో ఫోన్‌లో రూట్ చేయకుండా, అంటే సిస్టమ్ ఫైళ్ల తాళం తీయకుండా ముట్టుకోలేం, వరదల్లో వాలంటీర్ చేతిలో ఉండేది ఆ ఫోనే. ఇంటర్నెట్‌కి ముందుతరం నెట్‌వర్క్ ఆర్పానెట్ వాళ్లూ ఒకే హోస్ట్స్ ఫైల్‌తో నెట్టుకొచ్చి, ఇక లాగలేక 1983లో డీఎన్ఎస్ తయారుచేసుకున్నారు.

అసలు నా టెన్షన్ వేరు. ఇప్పుడు మన పేర్లన్నీ బయటి డొమైన్‌లో ఉన్నాయి, రౌటర్లలో గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టి ఉంది. 2015 డిసెంబరు వరదల్లో, మళ్లీ 2023లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్లికరణై వైపు కరెంటు, సెల్ సిగ్నల్ ఏమయ్యాయో చూశాం కదా. అలాంటి రోజున తాంబరం నుంచి అడయార్‌కి మన లింకు నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది, కానీ పేరు కొట్టగానే ప్రశ్న ఇంటర్నెట్‌కి పోవాలి, అదేమో లేదు. లినక్స్ మామూలుగా 5 సెకన్లు చూసి, ఇంకోసారి అడిగి, అప్పుడు దొరకలేదంటుంది. కూర్చున్న మనిషి రేడియో లింకే పోయిందనుకుని యాంటెన్నా తిప్పడానికి మేడెక్కుతాడు!

అడయార్_నోడ్:
నాది 1200 బాడ్ ప్యాకెట్, అంటే సెకనుకి 1200 బిట్లే పంపే రేడియో లింకు. ఒక్క డీఎన్ఎస్ ప్రశ్న హెడర్లతో కలిపి 100 బైట్లనుకున్నా గాల్లో ముప్పావు సెకను దాకా పడుతుంది, ట్రాన్స్‌మిటర్ లేచే టైమ్ అదనం. ఎవరైనా ఫోన్ కలిపారంటే వాట్సాప్, మెయిల్, ఇంకా ఏవేవో యాప్‌లు వెనకాల పేర్లు అడుగుతూనే ఉంటాయి, జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ అడుగుతాయి, ఛానల్ మొత్తం వాటికే సరిపోతుంది. అందుకని సర్వర్ ఎక్కడో ఒకచోట కాదు, రేడియోకి ఇవతల ప్రతి సైట్‌లోనూ ఉండాలి, మనది కాని పేరు అడిగితే అక్కడికక్కడే లేదని చెప్పేయాలి. ఇంకోటి, ఎన్‌క్రిప్టెడ్ డీఎన్ఎస్ (ప్రశ్నని వేరేవాళ్లు చదవలేకుండా పంపేది) వద్దు. లైసెన్సు అక్కర్లేని వైఫై బ్యాండులో అయితే సరే, కాల్‌సైన్‌తో (లైసెన్సులో ఇచ్చిన మన గుర్తుతో) వీహెచ్ఎఫ్ బ్యాండులో పంపేదాంట్లో అర్థం దాచకూడదన్నది మన రూల్.

పెరంబూర్_డైపోల్:
ఫోన్ల సంగతి నేను ఆలోచించలేదు, ఆ పాయింట్ బలంగానే ఉంది. కానీ సైటుకొక సర్వర్ అంటే పని పదింతలు కాదా? ఒకచోట మార్చి ఇంకోచోట మార్చకపోతే?

తాంబరం_యాగి:
చేత్తో మార్చేది ఒక్కచోటే అన్నా. ఒకటి ప్రైమరీ, మిగతావి సెకండరీలు, జోన్‌ని, అంటే మన పేర్ల జాబితాని, అవే కాపీ చేసుకుంటాయి. పాత రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) మీద బైండ్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ చాలు. చూసుకోవాల్సింది జోన్ ఫైల్లో ఎక్స్‌పైర్ విలువ. ప్రైమరీ అన్నాళ్లు కనిపించకపోతే సెకండరీ కూడా ఆ జోన్‌కి జవాబివ్వడం మానేస్తుంది. ఒక రోజని పెట్టామా, తాంబరంలో కరెంటు పోయిన మర్నాటికల్లా అందరి పేర్లూ గల్లంతే. 4 వారాలు, అంటే 2419200 సెకన్లు పెడదాం. పేరు చివర .లోకల్ మాత్రం వద్దు, అది ఎండీఎన్ఎస్‌ది, అంటే సర్వర్ లేకుండా ఇంట్లో ప్రింటర్లలాంటి వాటిని వెతుక్కునే దారి, ఫోన్లు తికమకపడతాయి. .ఇంటర్నల్‌ని ఇంటర్నెట్ పేర్లు చూసుకునే ఐకాన్ సంస్థ 2024లో సొంత నెట్‌వర్క్‌ల కోసమే పక్కన పెట్టింది, అది తీసుకుందాం.

పెరంబూర్_డైపోల్:
సరే, రెండు సైట్లలో పెట్టి చూద్దాం. ముఖ్యమైన ఐపీలు కాగితం మీద రాసి ప్రతి రేడియో పక్కన అంటించడం మాత్రం మానొద్దు, ఆ విషయంలో నేను తగ్గను. ఇంతకీ ప్రైమరీ పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉంటుంది? నీ ఒక్కడి దగ్గరే అంటే నేను ఒప్పుకోను.