అమ్మకి దవడ పన్ను తీయించాలి: షుగర్ ఉంది, క్రియాటినిన్ కొంచెం ఎక్కువ, చుట్ట మానదు

కవిటి అబ్బాయి:

అందరికీ నమస్తే. మాది కవిటి మండలం, నేను ఉండేది హైదరాబాద్‌లో. అమ్మకి అరవై దాటాయి. కింది దవడ పన్ను పుచ్చి సగం విరిగిపోయింది. రూట్ కెనాల్ చేయడానికి పన్ను మిగల్లేదు, తీసేయాల్సిందే అన్నారు ఎక్స్‌రే చూసి. వచ్చే వారం శ్రీకాకుళం తీసుకెళ్తున్నాం.

షుగర్‌కి మాత్ర వేసుకుంటుంది. గుండె డాక్టరు రాసిన ఎకోస్ప్రిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర కూడా ఉంది. కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.6 వచ్చింది, డయాలసిస్ అక్కర్లేదన్నారు. అన్నిటికంటే పెద్ద తంటా చుట్ట. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళు కొందరిలాగే అమ్మది అడ్డపొగ, నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. "పన్ను పీకించుకుంటాను గానీ నా చుట్ట జోలికి రాకురా" అని ముందే తేల్చేసింది. పైగా పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని పక్కింటి పిన్ని భయపెట్టింది.

ఎకోస్ప్రిన్ ముందే ఆపాలా? ఖాళీ కడుపుతో తీసుకెళ్ళాలా? అదే రోజు బస్సులో తెచ్చేయొచ్చా? ఊళ్ళో చూసుకునేది మా అక్క. మీరు చెప్పినవి తనకి ఫోన్‌లో చదివి వినిపిస్తాను.

విజయనగరం నుంచి ఒకడు:

తినిపించే తీసుకెళ్ళండి బ్రదర్. తీసిన చోటు వరకే మత్తిస్తారు, పస్తు ఉండక్కర్లేదు. కానీ ఆ మత్తు దిగేదాకా, అంటే రెండు మూడు గంటలు, ఏమీ నమలనివ్వొద్దు, వేడి టీ ఇవ్వొద్దు. మా తమ్ముడు తెలియకుండా పెదవి కొరికేసుకుని, పన్ను కంటే దానికే ఎక్కువ గోల చేశాడు. నాకు జ్ఞానదంతం తీసింది సరిగ్గా పైడితల్లమ్మ పండగ ముందు. సిరిమాను చూశాను, బజ్జీలూ చూశాను. చూడటమే.

డెంటల్ క్లినిక్ అక్క:

నేను డాక్టర్ని కాదు. శ్రీకాకుళంలో ఒక పంటి క్లినిక్‌లో చాలా ఏళ్ళుగా అసిస్టెంట్‌గా ఉన్నాను, పన్ను తీశాక పేషెంట్లకి జాగ్రత్తలు చెప్పేది నేనే.

ముందు మీ పిన్నిగారి సంగతి. పళ్ళ నరం వేరు, చూపు నరం వేరు. కింది పన్నైనా పై పన్నైనా కళ్ళకేమీ కాదు. పుచ్చిన పన్నుని అలా వదిలేస్తేనే చీము పట్టి మొహం వాస్తుంది.

ఎకోస్ప్రిన్ మీ అంతట మీరు ఆపొద్దు. ఒక్క పన్నుకి మామూలుగా దాన్ని ఆపించరు. రక్తం కొంచెం ఎక్కువసేపు కారినా నొక్కిపెట్టో, కుట్టు వేసో ఆపుతారు. ఎవరైనా రక్తం పలచబడటానికి అసిట్రోమ్ వాడుతుంటే మాత్రం లెక్క వేరు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష ముందు చూడాలి. షుగర్ మాత్ర రోజూలాగే వేసి, టిఫిన్ పెట్టి, ఉదయం పూటే తీసుకురండి. మందుల చీటీలూ క్రియాటినిన్ రిపోర్టూ సంచిలో ఉండాలి. "ఏవో తెల్ల మాత్రలు వేసుకుంటుందండి" అంటే మేమేం చేస్తాం చెప్పండి!

నాకు అసలు భయం పన్ను గురించి కాదు, ఆ తర్వాత వేసుకునే నొప్పి మాత్రల గురించి. మీది ఉద్దానం, చాలామందికి కిడ్నీ జబ్బులున్న ప్రాంతం. అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదీ అని ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు గానీ, బలహీనపడిన కిడ్నీకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ ఇంకా చేటు చేస్తాయన్నది మాత్రం తెలిసిన సంగతే. రాత్రి నొప్పి లేస్తుంది, ఎవరో ఒకరు మందుల షాపుకి పరిగెత్తి "పంటి నొప్పికి ఏదైనా ఇవ్వండి" అంటారు. చేతికొచ్చేది చాలాసార్లు పారాసెటమాల్, ఎసిక్లోఫెనాక్ కలిసిన బిళ్ళ. అట్ట మీద పారాసెటమాల్ పేరు చూసి మంచిదే అనుకుంటారు. రెండో పేరు కూడా చదవమని మీ అక్కకి గట్టిగా చెప్పండి. ఉత్త పారాసెటమాల్ అయితే ఎంత మోతాదు, రోజుకి ఎన్ని అని డాక్టరు గారితో చీటీ మీద రాయించుకోండి. యాంటీబయోటిక్ రాసినా కిడ్నీ సంగతి గుర్తుచేయండి.

బస్సులో తీసుకెళ్ళొచ్చు, కానీ రక్తం ఆగిందని మేము చూశాకే. గాజుగుడ్డ అరగంట, ముప్పావుగంట కొరికిపట్టాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు. కిటికీలోంచి ఉమ్మడం అసలు వద్దు, లాలాజలం మింగేయమనండి. ఉమ్మితే గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడొస్తుంది. పుండు మీద పక్కులాంటిది అది, దాని కిందే గాయం మానుతుంది. మొదటి రోజు ఉమ్మి కొంచెం ఎర్రగా ఉండటం మామూలే. మళ్ళీ ధారగా వస్తే తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ మడిచి అరగంట కదలకుండా కొరకాలి. అప్పటికీ ఆగకపోతే డాక్టరు దగ్గరికే.

చుట్ట కూడా ఇందుకే వద్దంటాం. పీల్చే ఊపుకి ఆ గడ్డ కదులుతుంది, నికోటిన్ వల్ల అక్కడికి రక్తం సరిగ్గా అందదు. వారం మానితే మంచిది, కనీసం మూడు రోజులు. అడ్డపొగ అన్నారు కాబట్టి ఇంకో మాట. కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు అంగిలి కూడా చూడమని అడగండి. నిప్పు దగ్గరగా ఉండేది అంగిలికే. అక్కడ తెల్ల మచ్చలు, ఎర్ర పుండ్లు, క్యాన్సర్ కూడా వస్తాయి, మొదట్లో నొప్పే ఉండదు. పన్ను కోసం ఎలాగూ నోరు తెరుస్తారు కదా.

కవిటి అబ్బాయి:

చాలా థాంక్స్ అక్కా. కాంబినేషన్ బిళ్ళల సంగతి మాకెవరూ చెప్పలేదు. మా అక్క అడుగుతోంది: చోడంబలి (రాగి అంబలి) ఇవ్వొచ్చా? ఉప్పునీళ్ళు ఎప్పటి నుంచి? ఎలా ఉంటే కంగారుపడాలి?

డెంటల్ క్లినిక్ అక్క:

చల్లారిన చోడంబలి బ్రహ్మాండం. మజ్జిగన్నం మెత్తగా పిసికి పెట్టండి. స్ట్రా వద్దు, కారం వద్దు, మీ ఊళ్ళో జీడిపప్పు ఎంత దొరికినా ఆ వైపు నమలొద్దు. మొదటి 24 గంటలు పుక్కిలించడం లేదు. తర్వాత గోరువెచ్చని గ్లాసు నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో మెల్లగా తిప్పి వదిలేయాలి. మొదటి రోజు బుగ్గ మీద గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టండి.

వాపు రెండు మూడు రోజులు పెరిగి తగ్గుతుంది. తగ్గిన నొప్పి మూడో రోజు ప్రాంతంలో మళ్ళీ లేచి చెవిదాకా లాగితే అది డ్రై సాకెట్, అంటే గుంటలో ఆ రక్తపు గడ్డ ఊడిపోవడం కావచ్చు. ఇంట్లో మాత్రలు పెంచొద్దు, క్లినిక్‌కి వస్తే గుంట కడిగి మందు పెడతారు. జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు.

సోంపేట కోడలు:

ఇంట్లో డయాలసిస్ పేషెంట్లున్న వాళ్ళకి ఒక మాట. మా మామగారికి పన్ను తీసేటప్పుడు డయాలసిస్ అయిన మర్నాడు రమ్మన్నారు. అందులో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారట, అదే రోజు పన్ను తీస్తే రక్తం ఆగదట. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి.

కవిటి అబ్బాయి:

అమ్మకి అన్నీ చదివి వినిపించాను. వారం అంటే ససేమిరా అంది, మూడు రోజులకి బేరం కుదిరింది. అంగిలి చూపించుకోవడానికి మాత్రం వెంటనే ఒప్పుకుంది, అదే ఆశ్చర్యం.

డెంటల్ క్లినిక్ అక్క:

కుట్లు వేస్తే వారానికి విప్పించుకోవడానికి రావాలి. మిగతా నాలుగు రోజుల బేరం అప్పటికి మీ అక్కకి వదిలేయండి.