పాలు, చక్కెర లేని కాఫీ నోటికి ఎక్కడం ఎలా?

మీగడ_మానేశా:

డైట్‌లో రోజుకు 1500 కేలరీల లెక్క. మూడు కప్పుల పాల కాఫీకే అందులో దగ్గర దగ్గర 300 పోతున్నాయి. ఒక్కో కప్పులో 100 మి.లీ. పాలు, రెండు చెంచాల చక్కెర. కాఫీ మానే ఉద్దేశం లేదు, బ్లాక్ కాఫీకి మారాలి. పాల కాఫీకి వాడే పొడినే వేడినీళ్లలో దింపి తాగితే ఇంతకంటే కషాయమే నయం అనిపిస్తోంది. చేదు తగ్గుతుందేమోనని పొడి సగమే వేస్తే, చేదు అలాగే ఉంది, పైగా నీళ్లలా పల్చగా తయారైంది.

ముందు మానాల్సింది పాలా, చక్కెరా? పొడి మార్చాలా? స్వీటెనర్ వేసుకోవచ్చా? "రోజూ తాగుతూ ఉంటే అదే అలవాటవుతుంది" అన్న సలహా చాలాచోట్ల దొరికింది. అది కాకుండా ఇంకేమైనా ఉంటే చెప్పండి.

ముతకపొడి:

పాల కాఫీలోంచి పాలు తీసేస్తే బ్లాక్ కాఫీ రాదండీ. పాలు లేని పాల కాఫీ వస్తుంది. మీరు తాగుతున్నది అదే.

పాల కోసం తయారయ్యే పొడి వేరే రకం. పాలు, చక్కెర కలిపాక కూడా కాఫీ రుచి తేలాలి కాబట్టి గింజల్ని బాగా నల్లగా వేపుతారు, రొబస్టా అనే రకం గింజల వంతు ఎక్కువ వేస్తారు, చిక్కదనానికీ రంగుకీ చికోరీ (ఒక మొక్క వేరుని వేపి చేసిన పొడి) కలుపుతారు. రొబస్టాలో కెఫీన్ రెండో రకం గింజలైన అరబికాకి దాదాపు రెట్టింపు, చేదు పదార్థాలూ ఎక్కువే. పాలలోని ప్రోటీన్లు ఈ చేదునీ వగరునీ పట్టి ఉంచుతాయి. పాలు లేకపోతే అవన్నీ నేరుగా నాలుక మీద పడతాయి. అందుకని మీ ప్రశ్నల్లో మొదట తేల్చాల్సింది పొడి సంగతే. ప్యాకెట్ మీద మూడు చూడండి: నూరు శాతం అరబికా, చికోరీ లేదు, మీడియం రోస్ట్ (మధ్యస్థంగా వేపినది). వేపిన తేదీ వేసి ఉంటే ఇంకా మంచిది. నెలలోపు వేపినదైతే చాలు. లైట్ రోస్ట్‌తో మొదలుపెట్టొద్దు. కొత్త నాలుకకి అది పుల్లగా తగులుతుంది.

ఇక పొడి తగ్గించినా చేదు ఎందుకు తగ్గలేదంటే, నీళ్లు తగిలాక పొడిలోంచి ముందు దిగేది పులుపు, ఆ తర్వాత తీపి, కమ్మదనం, ఆఖరున మొండి చేదు, వగరు. కొంచెం పొడి మీద ఎక్కువ నీళ్లు పోస్తే ఆ నీళ్లు ఆఖరి చుక్క దాకా పిండుకొచ్చేస్తాయి. పల్చగానూ, చేదుగానూ ఉండేది అందుకే. లైట్‌గా కావాలంటే పొడి పాళ్లు తగ్గించకండి. సరైన కొలతతో దింపి, తర్వాత కప్పులో వేడినీళ్లు కలుపుకోండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

కొలత: 240 మి.లీ. నీళ్లకి 15 గ్రాముల పొడి. కాటా లేకపోతే పెద్ద చెంచాతో తలకొట్టి మూడు, సుమారుగా. నీళ్లు మరిగాక దించి, అర నిమిషం నుంచి ముప్పావు నిమిషం ఆగితే 92–95 డిగ్రీల దగ్గరకి వస్తాయి. గరాటులో పేపర్ ఫిల్టర్ పెట్టి, ముందు దాన్ని వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోయండి, లేకపోతే కాగితం వాసన వస్తుంది. పొడి వేసి 40 మి.లీ. నీళ్లు పోసి 40 సెకన్లు ఆగండి. తాజా పొడైతే ఉబ్బి నురగ కడుతుంది, లోపలున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందన్నమాట. ఉబ్బకపోతే పొడి పాతది. మిగిలిన నీళ్లు మూడు విడతలుగా, గుండ్రంగా తిప్పుతూ పోయండి. మొత్తం మూడు నిమిషాల్లో దిగాలి.

రెండు నిమిషాలు కూడా కాకుండానే దిగిపోతే పొడి మరీ ముతక, నాలుగు దాటితే మరీ మెత్తన.

తర్వాత సవరించుకోవడానికి నాలుకే ఆధారం. "బాగోలేదు" అని వదిలేయకుండా ఏ రుచో తేల్చుకోండి. నోరు పట్టేసి ఆరిపోయినట్టుంటే అది చేదు కాదు, వగరు: పొడి మరీ మెత్తగా ఉంది, లేదా మరీ ఎక్కువసేపు నానింది. గొంతులో దిగాక కూడా వదలని చేదైతే నీళ్ల వేడి ఓ మూడు నాలుగు డిగ్రీలు తగ్గించండి, పొడి ఒక మెట్టు ముతకగా పట్టించండి. మొదటి గుక్కే పుల్లగా, ఉప్పగా, నీరసంగా ఉంటే సరిగ్గా దిగలేదు: మెత్తగా పట్టించండి, నీళ్లు ఇంకొంచెం వేడిగా పోయండి. మాడు వాసనైతే మీరు ఏం చేసినా పోదు, గింజలే అలా వేగాయి. ఆ పొడి ఎవరైనా పాల కాఫీ తాగేవాళ్లకి ఇచ్చేయండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. వేడి, మెత్తదనం, కొలత మూడూ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

కాటా_గ్రాములు:

పొడి సంగతి పైన వచ్చేసింది కాబట్టి పాలా చక్కెరా అన్నది చూద్దాం.

ఆవు పాలైతే 100 మి.లీ.కి 60–65 కేలరీలు. చెంచా చక్కెర అంటే 4 గ్రాములు, 16 కేలరీలు. మీ కప్పులో 95 ఉంటే మూడింట రెండొంతులు పాలవే. పాలు లేని కాఫీ కప్పుకి ఐదు కేలరీలు కూడా ఉండవు. కాబట్టి లెక్క ప్రకారం ముందు పోవాల్సింది పాలే. రుచి ప్రకారం కూడా అదే మేలు. పాలు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే మధ్యలో వచ్చేది అటూ ఇటూ కాని బూడిదరంగు నీళ్లు, దాన్ని ఎవరూ ఇష్టపడలేరు. పాలు ఒక్కసారే ఆపండి, అదే రోజు కొత్త పొడికి మారండి. చక్కెర మాత్రం మెల్లగా దింపండి.

చెంచాతో దింపితే కుదరదు. "అర చెంచా" ఒకరోజు 2 గ్రాములు, ఇంకోరోజు 3. చక్కెర నీళ్లు చేసుకోండి: 50 గ్రాముల చక్కెర కరిగించి, మొత్తం 100 మి.లీ. అయ్యేలా నీళ్లు పోసి సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక మి.లీ.లో అర గ్రాము చక్కెర. పిల్లల సిరప్‌లతో వచ్చే సూది లేని సిరంజితో కొలవచ్చు. మొదటి ఐదు రోజులు 8 మి.లీ. (ఇది ఒక చెంచాకి సమానం), తర్వాత ఐదేసి రోజులకి 6, 4, 2, ఆపైన సున్నా. 20 రోజుల పని. 4 నుంచి 2కి దిగేటప్పుడే గట్టిగా తెలుస్తుంది, అక్కడ కావాలంటే 3 దగ్గర ఓ నాలుగు రోజులు ఆగండి. వెనక్కి మాత్రం వెళ్లొద్దు. సీసాలోది వారానికోసారి కొత్తగా చేసుకోండి, మబ్బుగా కనిపిస్తే అంతకుముందే.

స్వీటెనర్ గురించి: కేలరీల పరంగా ఇబ్బంది లేదు, కానీ నాలుక తీపి స్థాయి ఒక్క మెట్టు కూడా దిగదు. ఆరు నెలలైనా మీరు కాఫీని ఇష్టపడరు, తీపినే ఇష్టపడుతూ ఉంటారు. స్టీవియాకి పైపెచ్చు సొంత చేదు ఒకటుంది. చేదు కాఫీలో అది కలిస్తే రెండు చేదులు.

చేదు తగ్గించడానికి తీపికంటే ఉప్పు బాగా పనిచేస్తుంది. ఉప్పులోని సోడియం నాలుక మీద చేదుని అణుస్తుంది. 80 మి.లీ. నీళ్లలో 20 గ్రాముల ఉప్పు కరిగించి డ్రాపర్ సీసాలో పోసి, కప్పుకి రెండు మూడు చుక్కలు వేయండి. చుక్కకి దాదాపు 0.01 గ్రాము ఉప్పు, అంతే. ఉప్పదనం తెలిసిందంటే ఎక్కువైంది. పొడి మాడితే మాత్రం ఉప్పు కాపాడదు.

రాత్రి_ఫ్రిజ్:

గరాటు, కాటా, టైమర్ చూసి భయపడేవాళ్లకి కోల్డ్ బ్రూ సులువు. చల్లటి నీళ్లలో చేదు, పులుపు ఇచ్చే పదార్థాలు తక్కువ దిగుతాయి, కాబట్టి మొదటిసారి తాగేవాళ్లకి ఇదే మెత్తగా ఉంటుంది.

60 గ్రాముల ముతక పొడి (రాళ్ల ఉప్పంత పలుకు ఉండాలి), 500 మి.లీ. నీళ్లు, గాజు సీసా. ఒకసారి కలిపి మూత పెట్టి ఫ్రిజ్‌లో 14–16 గంటలు. ముందు జల్లెడలో, తర్వాత పేపర్ ఫిల్టర్‌లో వడకట్టండి. గుడ్డలో కట్టి పిండితే వగరంతా దిగుతుంది, కారేదాకా ఓపిక పట్టాల్సిందే. పొడి 120 మి.లీ. దాకా నీళ్లు పీల్చుకుంటుంది, చేతికి 380 వస్తుంది. దానికి అంతే నీళ్లు కలిపితే నాలుగు గ్లాసులు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు బాగుంటుంది. వేడిగా కావాలంటే దీన్ని మరిగించకండి, వేడినీళ్లు కలపండి.

మెత్తగా ఉంది కదా అని కెఫీన్ తక్కువ అనుకోవద్దు. గ్లాసుకి 15 గ్రాముల పొడి లెక్క పడుతోంది, వేడి కాఫీతో సమానంగా లెక్కపెట్టుకోండి.

ఇన్‌స్టంట్ తప్ప కుదరదంటే: గుండ పొడి కాకుండా పలుకుల్లా ఉండే ఫ్రీజ్ డ్రైడ్ రకం, లేబుల్‌లో చికోరీ లేనిది. 180 మి.లీ.కి 2 గ్రాములు. ముందు చెంచాడు చల్లటి నీళ్లలో కలిపి, తర్వాత 80 డిగ్రీల నీళ్లు పోయండి. సలసల మరిగే నీళ్లు నేరుగా పోస్తే గడ్డలు కడుతుంది, రుచి కూడా మొరటుగా వస్తుంది.

మీగడ_మానేశా:

వివరంగా రాశారు, అందరికీ థాంక్సండీ. అరబికా మీడియం, 15 గ్రాములు, 240 మి.లీ., మూడు నిమిషాల్లో దిగింది. మొదటి సగం కప్పు నిజంగానే బాగుంది. చల్లారేకొద్దీ పుల్లగా మారుతోంది. ఏం మార్చాలి? దాల్చినచెక్క వేస్తే?

ముతకపొడి:

మొదటి గుక్క బాగుండి ఆఖరివే పుల్లగా ఉంటే దింపడంలో తప్పు లేదు. కాఫీ మరీ వేడిగా ఉంటే నాలుకకి వేడి తప్ప ఏమీ తెలియదు. 60 నుంచి 50 డిగ్రీల మధ్య తీపి, వాసన బాగా తెలుస్తాయి, ఇంకా చల్లారితే పులుపు పైకి తేలుతుంది. 65 పైన ఉన్నది ఎలాగూ తాగొద్దు. అంతకు మించిన వేడి పానీయాలు అన్నవాహికకి క్యాన్సర్ ముప్పు తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో వర్గీకరించింది.

కప్పు మార్చండి. దింపిన 200 చిల్లరా ఒకేసారి పెద్ద మగ్గులో పోసుకోకుండా, ఫ్లాస్కులో ఉంచి 100 మి.లీ. చొప్పున మందపాటి చిన్న కప్పులో తాగండి. పొయ్యి మీదో హాట్‌ప్లేట్ మీదో ఉంచితే మాత్రం పులుపూ చేదూ రెండూ పెరుగుతాయి. అప్పటికీ పుల్లగా తోస్తే మీడియంకీ డార్క్‌కీ మధ్య రోస్ట్ చూడండి.

దాల్చినచెక్క పొడి నీళ్లలో కరగదు, జిగురుగా పైన తేలుతుంది. అంగుళం ముక్క నీళ్లతోపాటు మరిగించి, ఆ నీళ్లతోనే కాఫీ దింపండి. తీపి రాదు, తీపి ఉందేమో అన్న భ్రమ వస్తుంది. మీకు కావాల్సింది అదే.

రెండోకప్పు:

డైట్ వైపు నుంచి కొన్ని.

"బ్లాక్ కాఫీయే కదా" అంటూ వెన్న వేసి గిలక్కొట్టే రకానికి పోకండి. పెద్ద చెంచా వెన్న అంటే 100 కేలరీలు, కొబ్బరినూనె అయితే 120. తేనె చెంచాకి 20కి పైనే. కప్పులో తీపి తీసేశాక చెయ్యి బిస్కెట్ డబ్బా మీదికి పోతుంది, అది కూడా లెక్కలో రాసుకోండి. కాఫీ కొవ్వుని కరిగించేస్తుందన్న ప్రచారం నమ్మొద్దు. మీకు వచ్చే లాభమంతా పాలు, చక్కెర తీసేసిన 285 కేలరీలే. ఆకలి కాసేపు మందగిస్తుంది, అంతే. భోజనం బదులు కాఫీ పనికిరాదు.

ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకి రోజుకు 400 మి.గ్రా. కెఫీన్ హద్దు, గర్భిణులకి 200. పైన చెప్పిన 15 గ్రాముల కప్పులో 100 నుంచి 150 దాకా ఉండొచ్చు, కాబట్టి మూడు దాటొద్దు (150 ఉండే ఘాటు కప్పులైతే రెండే), గర్భిణులైతే ఒకటే. ఒంట్లో సగం కెఫీన్ పోవడానికి ఐదు గంటల పైచిలుకు పడుతుంది. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, ఆఖరి కప్పు మధ్యాహ్నం రెండింటికి ముగించండి.

కాఫీ ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. భోజనానికీ ఐరన్ మాత్రకీ గంటయినా ఎడం ఉంచండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్ర వేసుకున్నాక అర గంట నుంచి గంట ఆగాలి. పరగడుపున తాగితే గుండెల్లో మంట వచ్చేవాళ్లు తిన్నాక తాగడమే మంచిది.

మీగడ_మానేశా:

ఒక్క చివరి ప్రశ్న. గరాటుకి బదులు ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని నానబెట్టి, జాలితో కిందికి నొక్కే జార్) వాడితే తేడా ఉంటుందా?

కాటా_గ్రాములు:

చిక్కగా, నూనెతో నోటికి నిండుగా తగులుతుంది. పాలు మానినవాళ్లకి ఆ నిండుదనం నచ్చుతుంది. అయితే లోహపు జాలి ఆ నూనెని ఆపదు. అందులోని కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, కాగితమైతే దాన్ని పట్టేస్తుంది. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు రోజూ వాడొద్దు. వాడితే ముతక పొడి, అదే 15కి 240, నాలుగు నిమిషాలు. పైన తేలిన తెట్టు చెంచాతో తీసేసి, జాలి మెల్లగా నొక్కి, మొత్తం వెంటనే ఫ్లాస్కులోకి వంచేయండి. అందులోనే వదిలేస్తే రెండో కప్పు వగరెక్కుతుంది. అడుగున ఉన్న ఆఖరి రెండు గుక్కలు మడ్డే, అవి వదిలేయండి.